వాన పడితే మిస్సింగ్, ఎండ కాస్తే మామూలు: ఇంజను దించే ముందు చూడాల్సినవి

ప్రశ్న: మాది చీపురుపల్లి. 2016 మోడల్ పెట్రోలు కారు, నాలుగు సిలిండర్లు, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. ఉద్యోగానికి రోజూ విజయనగరం వెళ్ళొస్తాను. రెండు నెలలుగా ఇంజను మిస్సింగ్ కొడుతోంది. బండి ఆపి ఉంచితే స్టీరింగు వణుకుతుంది, కదిలాక జెర్కులిస్తుంది. వాన పడిన రోజు మరీ ఎక్కువ. నాలుగు రోజులు ఎండ కాస్తే దాదాపు మామూలైపోతుంది. మొన్న కోరాపుట్ వెళ్తుంటే సాలూరు దాటి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. మైలేజీ పడిపోయింది, వెనక పెట్రోలు వాసన వస్తోంది. ఒక షెడ్డులో నాలుగు ప్లగ్గులూ మార్చారు. వారం బాగుంది, మళ్ళీ మొదలైంది. స్కానర్ పెట్టిన చోట 3వ సిలిండర్ మిస్‌ఫైర్ అని ఒక కోడ్, పెట్రోలు తక్కువ పడుతోందని ఇంకో కోడ్ వచ్చాయి, ఆక్సిజన్ సెన్సర్ మార్చాలన్నారు. ఇంకొకాయన ఇంజను బోరుకొచ్చింది, దించాలి, 45 వేలవుతుందంటున్నారు. వచ్చే నెల మా అక్క కూతురి పెళ్ళికి అందరం ఈ కారులోనే ఇచ్ఛాపురం వెళ్ళాలి. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: ఇంజను దించనివ్వకండి. కంప్రెషన్ పరీక్ష (సిలిండర్లలో ఒత్తిడి కొలిచేది) చేసి, నాలుగు సిలిండర్ల అంకెలూ కాగితం మీద రాసి మీ చేతికిచ్చేదాకా ఆ మాటకు ఒప్పుకోకండి. మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట మీరే రాశారు: వాన పడితే ఎక్కువ, ఎండ కాస్తే మామూలు. బోరు అరిగిన ఇంజను వానకు పాడై ఎండకు బాగుపడదు. అరిగిన పిస్టన్ రింగు ఆషాఢంలోనూ అరిగినట్టే ఉంటుంది, వైశాఖంలోనూ అరిగినట్టే ఉంటుంది. తేమకు లొంగేది కరెంటు. అంటే కాయిలు (ప్లగ్గుకు కరెంటు పెంచి పంపేది), దాని రబ్బరు బూటు, ప్లగ్గు, వాటికి వెళ్ళే వైర్లు. మీ బండి జబ్బు చాలావరకు అక్కడే ఉందని నా అభిప్రాయం. కాదంటే ఎలా తేల్చుకోవాలో కూడా చెబుతాను.

ముందు పెళ్ళి సంగతి. ఇంజను లైటు నిలకడగా వెలగడం వేరు, ఆరుతూ వెలగడం వేరు. నిలకడగా వెలిగితే ఏదో తేడా ఉంది, త్వరలో చూపించుకోమని అర్థం. ఆరుతూ వెలుగుతోందంటే కాలని పెట్రోలు సైలెన్సరు గొట్టంలోకి పోతోంది, అక్కడ పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడైపోయే స్థాయిలో మిస్‌ఫైర్ జరుగుతోంది అని అర్థం. ఆ పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్ళి అక్కడ మండుతుంది. మామూలుగానే వందల డిగ్రీల వేడిలో పనిచేసే వస్తువది. ఇలా మండితే లోపలున్న పింగాణీ జల్లెడ కరిగి ముద్దయిపోతుంది. ఘాట్ మీద లైటు అలా కనిపించగానే కాలు తీసేసి, నెమ్మదిగా పక్కకు ఆపేయాల్సింది. ఇకమీద అలాగే చేయండి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మన వైపు చలికాలంలో ఉలవ చేను, చోళ్ళు నూర్పుకని రోడ్డు మీదే పరుస్తారు. కన్వర్టర్ కాగిపోయి ఉన్న కారును అలాంటి ఎండుకట్టె మీదా, గడ్డివాము పక్కనా ఆపితే కింద నిప్పంటుకునే ప్రమాదం నిజంగా ఉంది.

కాబట్టి జబ్బు తేలి నయమయ్యేదాకా పిల్లల్నీ పెద్దల్నీ ఎక్కించుకుని ఆ కారులో ఇచ్ఛాపురం బయల్దేరకండి. నరసన్నపేట, టెక్కలి, పలాస మీదుగా జాతీయ రహదారిలో అంత దూరం నిండు బండి లాగడం ఈ ఇంజనుకు ఘాట్ ఎక్కడం లాంటిదే. పైగా వెనక లారీ వస్తుండగా ఓవర్‌టేక్ మధ్యలో పికప్ చచ్చిపోతే ఏం జరుగుతుందో ఊహించుకోండి. అప్పటికి బండి సిద్ధం కాకపోతే చీపురుపల్లి, ఇచ్ఛాపురం రెండూ ఒకే రైలు మార్గం మీద ఉన్నాయి. అయినా నెల రోజుల గడువుంది. ఈ పని ఒక పూటలో తేలేది.

అసలు ఏం జరుగుతోందో కొంచెం చెప్పాలి, అది తెలిస్తే మిమ్మల్ని ఎవరూ తప్పుదారి పట్టించలేరు. ప్రతి సిలిండరుకూ మూడు అందాలి: సరైన పాళ్ళలో గాలీ పెట్రోలూ, గట్టిగా నొక్కే కంప్రెషన్, సరిగ్గా సమయానికి నిప్పురవ్వ. మూడిట్లో ఏది తప్పినా ఆ సిలిండరు ఆ విడత పనిచేయదు. ఇంజను నిమిషానికి 800 సార్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండరు 400 సార్లు మండాలి. పల్లకీ మోసే నలుగురిలో ఒకరు భుజం తప్పిస్తే మిగతా ముగ్గురూ తూలినట్టు, ఒక సిలిండరు మండనప్పుడల్లా ఇంజను ఊగుతుంది. మీ స్టీరింగులో వణుకు అదే. ఈ ఊపును కారు కంప్యూటరు కూడా పసిగడుతుంది. ఇంజను ప్రధాన ఇరుసైన క్రాంక్ షాఫ్టుతో తిరిగే పళ్ళ చక్రం ఒకటుంటుంది, దాని ఎదురుగా సెన్సరుంటుంది. సిలిండరు మండిన ప్రతిసారీ చక్రం ఒక్క క్షణం వేగం పుంజుకోవాలి. ఎవరి వంతు వచ్చినప్పుడు వేగం పుంజుకోలేదో చూసి ఫలానా సిలిండరు అని రాసిపెట్టుకుంటుంది. స్కానర్ కోడ్లలో పీ0301 అంటే ఒకటో సిలిండరు, పీ0303 అంటే మూడోది. పీ0300 అంటే ఒకటని కాదు, అటూ ఇటూ చాలావాటిలో జరుగుతోందని. మీకు మూడోది ఒక్కటే వచ్చింది. అది మంచి వార్త. నాలుగింటికీ ఉమ్మడిగా ఉండే పెట్రోలు పంపు, పెట్రోలు నాణ్యత, ఎయిర్ ఫిల్టరు లాంటివాటి మీద అనుమానం దాంతో చాలావరకు తగ్గిపోతుంది.

చాలామంది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వల్లే ఇదంతా అనుకుంటున్నారు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి కదలని బండి ట్యాంకులో దానివల్ల ఇబ్బంది రావచ్చు, నిజమే. కానీ మీ బండి రోజూ తిరుగుతోంది. ట్యాంకులో పెట్రోలు నాలుగు సిలిండర్లకూ ఒకటే. చెడితే నాలుగూ చెడాలి, మూడోది మాత్రమే ఎందుకు అలుగుతుంది?

ఇప్పుడు ఆ ఆక్సిజన్ సెన్సర్ మాట. దీని దగ్గర ఎంతోమంది డబ్బు పోగొట్టుకోవడం చూస్తున్నాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. మూడో సిలిండరు మండలేదు. అందులోకి వెళ్ళిన గాలి ఖర్చు కాకుండా, ఆక్సిజన్ ఆక్సిజన్‌గానే సైలెన్సరు గొట్టంలోకి వచ్చేసింది. అక్కడున్న సెన్సరుకు కాలని పెట్రోలు కనిపించదు, ఆక్సిజన్ ఒక్కటే కనిపిస్తుంది. ఆక్సిజన్ మిగిలిందంటే పెట్రోలు చాల్లేదని కంప్యూటరు అర్థం చేసుకుంటుంది. ఇంకాస్త పెట్రోలు పోయమంటుంది, అది కూడా బాగున్న సిలిండర్లకు సైతం. మైలేజీ పడిపోవడం, వెనక పెట్రోలు వాసన, పెట్రోలు తక్కువన్న ఆ రెండో కోడ్, మూడూ ఈ ఒక్క కారణంతోనే వస్తాయి. సెన్సరు అబద్ధం చెప్పలేదు, తనకు కనిపించిందే చెప్పింది. మిస్‌ఫైర్ కోడూ, పెట్రోలు తక్కువన్న కోడూ కలిసి వస్తే ముందు మిస్‌ఫైర్ సంగతి చూడాలి. అది పోయాక రెండోది కూడా మిగిలి ఉంటే అప్పుడు ఇన్‌టేక్ వైపు (ఇంజనులోకి గాలి వెళ్ళే దారిలో) లీకులూ, సెన్సరూ చూడాలి. ముందే సెన్సరు కొనకండి.

ప్లగ్గులు మార్చాక వారం బాగుండటం కూడా ఒక ఆధారమే. ప్లగ్గు కొన దగ్గర చిన్న సందు ఉంటుంది. దాన్ని దూకడానికి కాయిలు 12 వోల్టుల బ్యాటరీ కరెంటును 20 వేల నుంచి 40 వేల వోల్టుల దాకా పెంచుతుంది. కొత్త ప్లగ్గు అంచులు పదునుగా, సందు తక్కువగా ఉంటాయి, కాబట్టి తక్కువ వోల్టేజీకే రవ్వ దూకుతుంది. నీరసించిన కాయిలు కూడా ఆ పాటి పని చేయగలదు. కొద్ది రోజుల తర్వాత మళ్ళీ తడబడుతుంది. పైగా బరువు లాగేటప్పుడు సిలిండరులో ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగినకొద్దీ రవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. సమతలం మీద ఎలాగో నెట్టుకొచ్చిన కాయిలు సాలూరు ఘాట్ మీద చేతులెత్తేసింది అందుకే. తేమ తోడైతే ఆ కాస్త కరెంటు కూడా ప్లగ్గు కొనదాకా పోకుండా బూటు చీలికలోంచి పక్కనున్న ఇనుముకు పారిపోతుంది. వాన, ఘాట్, వారం రోజుల ఊరట, మూడూ ఒకే వైపు వేలు చూపిస్తున్నాయి.

అయినా అనుమానం మీద కాయిలు కొనకండి. కొనేముందు చోటు మార్చి చూడండి. మీ కారులో ప్రతి ప్లగ్గు మీదా ఒక్కో కాయిలు ఉంటే ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇంజను పూర్తిగా చల్లారాక, తాళం తీసేసి, పైనున్న ప్లాస్టిక్ మూత ఎత్తండి. నాలుగు కాయిళ్ళు వరసగా కనిపిస్తాయి. చాలా కార్లలో టైమింగ్ చైను ఉన్న వైపు నుంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్క. అయినా మీ మోడల్‌కు ఒకసారి ఖాయం చేసుకోండి. మూడోదాని కనెక్టరు లాకు నొక్కి ఊడదీయండి. ఏళ్ళ తరబడి వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది, లాగితే లాకు విరుగుతుంది, విరిగితే ఆ కనెక్టరు వదులై అదే కొత్త మిస్సింగ్ అవుతుంది. ఒక వేలితో లాకు నొక్కిపట్టి, రెండో చేత్తో అటూ ఇటూ కదుపుతూ తీయాలి. తర్వాత పది నంబరు పానాతో బోల్టు విప్పి, కాయిల్ని కొంచెం తిప్పి పైకి లాగండి. రెండోదాన్నీ అలాగే తీసి, రెండింటినీ ఒకదాని చోట ఒకటి పెట్టండి. కోడ్లు చెరిపేసి, తప్పు కనిపించేదాకా తిప్పండి. వాన పడిన రోజు తిప్పితే ఇంకా త్వరగా తేలుతుంది, కానీ లైటు ఆరుతూ వెలిగితే మాత్రం వెంటనే ఆపేయాలి.

మళ్ళీ స్కానర్ పెట్టండి. పీ0303 పోయి పీ0302 వచ్చిందా? జబ్బు కాయిలుతోపాటు నడిచి వెళ్ళింది, దొంగ దొరికాడు, ఆ ఒక్క కాయిలు మార్చండి. పీ0303 అలాగే ఉందా? కాయిలు నిర్దోషి. ఇప్పుడు మూడో ప్లగ్గునూ నాలుగో ప్లగ్గునూ మార్చి మళ్ళీ అదే పరీక్ష. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. కాయిలూ ప్లగ్గూ రెండూ కలిపి మార్చేస్తే తప్పు పోతుందేమోగానీ ఏది పాడైందో తెలియదు, బాగున్నదాన్ని పారేసి డబ్బు తగలేస్తాం. స్కానర్ కోసం ప్రతిసారీ షెడ్డుకు వెళ్ళక్కర్లేదు. స్టీరింగు కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్టుకు పెట్టుకునే బ్లూటూత్ స్కానర్లు తక్కువ ధరకే దొరుకుతున్నాయి, ఫోనులో కోడ్ చదువుకోవచ్చు. ఈ ఒక్క వస్తువు ప్రతి కారు ఇంట్లో ఉండాలంటాను.

ఒక హెచ్చరిక. ఇంజను నడుస్తుండగా ఒక్కో కాయిలు వైరు ఊడదీసి, ఏది తీస్తే తేడా రాదో చూడటం పాత పద్ధతి. కొందరు ఇప్పటికీ చేస్తుంటారు. అలా చేస్తే ఆ సిలిండరు పెట్రోలంతా కాలకుండా కన్వర్టర్‌లోకే పోతుంది, చేతికి షాకు కొట్టే ప్రమాదమూ ఉంది. అలా చూడాలనుకుంటే ఇంజెక్టరు (సిలిండరుకు పెట్రోలు చిమ్మేది) కనెక్టరు తీయమనండి. అప్పుడు పెట్రోలే పడదు. బాగున్న సిలిండరుది తీస్తే ఇంజను ఇంకా ఊగుతుంది, చచ్చిన సిలిండరుది తీస్తే ఏ మార్పూ ఉండదు.

కాయిలు బయటికి తీసినప్పుడు వెంటనే తిరిగి పెట్టేయకండి. వెలుతురులో పట్టుకుని చూడండి, అసలు కథ చాలాసార్లు అక్కడే రాసి ఉంటుంది. కింద పొడుగ్గా ఉన్న నల్ల రబ్బరు బూటు పొడిగా, గట్టిగా ఉండాలి. వంచి చూస్తే చీలికలు కనిపించకూడదు. లోపలివైపు గానీ, ప్లగ్గు తెల్ల పింగాణీ మీద నిలువుగా గానీ పెన్సిలుతో గీసినట్టు సన్నని గీత కనిపిస్తే, కరెంటు అడ్డదారిలో పారిపోతున్న బాట అదే. ఆ గీత తుడిస్తే పోదు. ప్లగ్గు మీద ఉన్న గీత కొత్త బూటునూ, బూటులో ఉన్న గీత కొత్త ప్లగ్గునూ పాడుచేస్తుంది కాబట్టి రెండూ కలిపే మార్చాలి. మీకు ప్లగ్గులు మాత్రమే మార్చి పాత బూట్లే తిరిగి తొడిగారు. వారానికే జబ్బు తిరగబెట్టడానికి ఇది కూడా కారణం కావచ్చు. కొన్ని కాయిళ్ళకు బూటు విడిగా దొరుకుతుంది, అడగండి.

బూటు జిడ్డుగా, ఉబ్బి, మెత్తబడి ఉందనుకోండి, ప్లగ్గు కూర్చునే గుంటలో టార్చి వేయండి. అడుగున ఇంజనాయిలు నిలిచి ఉంటే టాపెట్ కవర్ (ఇంజను పైమూత) ప్యాకింగు, లేదా ప్లగ్గు గొట్టాల చుట్టూ ఉండే సీళ్ళు గట్టిపడి కారుతున్నట్టు. మీ బండి వయసుకు ఇది మామూలే. ఎన్ని కాయిళ్ళు మార్చినా ఆ ఆయిల్లో నానితే పోతాయి. ముందు ప్యాకింగ్ సెట్టు వేయించాలి. ఆయిలు లేకుండా నీళ్ళు కనిపిస్తే బానెట్ మూత వెనక, వైపర్ల కింద ఉండే తట్టలోంచి వాననీరు దిగుతోందేమో చూడాలి. అక్కడ ఆకులు పేరుకుని తూము మూసుకుపోతే నీరు పొంగి ఇంజను మీదకి వస్తుంది. చెట్టు కింద ఆపే బండ్లలో ఇది ఎక్కువ. సర్వీసులో ఇంజను మీద ప్రెషర్ పంపుతో నీళ్ళు కొట్టనివ్వడం కూడా మానండి.

ప్లగ్గు తీసేముందు గుంటలో దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టాలి. పంక్చరు షాపు గాలి చాలు. లేకపోతే ఆ ఇసుక సిలిండర్లో పడుతుంది. తీసిన ప్లగ్గుల్ని వరస తప్పకుండా ఒక కాగితం మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పేర్చండి. కొన లేత గోధుమరంగులో ఉంటే ఆరోగ్యం. పొడి నల్లమసి పడితే పెట్రోలు ఎక్కువ, లేదా రవ్వ బలహీనం. పెట్రోలుతో తడిసి ఉంటే పెట్రోలు వస్తోంది, రవ్వ రావడం లేదు. నల్లగా ఆయిలు జిడ్డుంటే వాల్వు సీళ్ళ మీదా రింగుల మీదా అనుమానం. సున్నంలా తెల్లబారి బొబ్బలెక్కితే పెట్రోలు తక్కువై వేడెక్కుతోంది. మూడోది మిగతా మూడింటికన్నా ఎలా తేడాగా ఉందన్నదే ముఖ్యం. నాలుగూ ఒకేలా ఉంటే రంగును బట్టి పెద్దగా నిర్ణయాలు చేయొద్దు. తిరిగి పెట్టేటప్పుడు మొదటి మరలు చేత్తోనే తిరగాలి. సిలిండర్ల మీద ఉండే హెడ్డు అల్యూమినియం, అడ్డంగా ఎక్కిన ప్లగ్గును పానాతో బలవంతంగా తిప్పితే మర పోతుంది, అప్పుడు నిజంగానే పెద్ద పని పడుతుంది. బిగింపు ఎంతన్నది మాన్యువల్లో ఉంటుంది, టార్కు పానా ఉన్న చోట చేయించండి.

కాయిలూ ప్లగ్గూ రెండూ నిర్దోషులని తేలితే వైర్ల వైపు చూడాలి. మూడో కాయిలు కనెక్టరు లోపలి పిన్నుల మీద పచ్చగా కిలుము పట్టిందా చూడండి. కళింగపట్నం, బారువ వైపు సముద్రం దగ్గర ఉండే పాఠకులకు ఇది మరీ ముఖ్యం. ఉప్పుగాలికి రాగి త్వరగా కిలుము పడుతుంది, తేమ ఉన్న రోజు ఆ కాంటాక్టు తెగుతూ అతుకుతూ ఉంటుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనిస్తే చాలాసార్లు సరిపోతుంది. ఎలుకల సంగతి కూడా మరవొద్దు. పంట ఇంటికొచ్చే రోజుల్లో వెచ్చటి ఇంజను వాటికి మంచి విడిది. వైరు పైతొడుగు కొరికితే పొడిరోజుల్లో తేడా తెలియదు, వానకు బయటపడుతుంది.

ఆ తర్వాతే ఇంజెక్టరు. ఇంజను నడుస్తుండగా పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజెక్టరు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే టిక్ టిక్ అని స్పష్టంగా వినిపించాలి. తిరిగే బెల్టుకు జుట్టూ బట్టలూ దూరంగా ఉంచుకోండి. మూడోది మూగగా ఉంటే, లేదా మిగతావాటికన్నా మందంగా వినిపిస్తే, అప్పుడు నాలుగూ తీయించి మెషీన్ మీద శుభ్రం చేయించాలి. ఆ మెషీన్‌లో ఒక్కో ఇంజెక్టరు ఎంతెంత చిమ్ముతోందో నాలుగు గాజు గొట్టాల్లో పక్కపక్కనే కనిపిస్తుంది, మీరు దగ్గరుండి చూడండి. తిరిగి పెట్టేటప్పుడు రబ్బరు రింగులు కొత్తవి వేయమనండి. అక్కడ పెట్రోలు కారితే అగ్గి ప్రమాదం. ట్యాంకులో పోసే క్లీనరు సీసాలతో చచ్చిన సిలిండరు లేచి కూర్చోదు.

ఇవన్నీ అయ్యాక కూడా మూడోది పలకకపోతే, అప్పుడు మాత్రమే ఇంజను లోపలికి చూడాలి. అప్పుడు కూడా దించడం కాదు, కొలవడం. ఇంజను వెచ్చగా ఉండాలి, ప్లగ్గులన్నీ తీసేయాలి, పెట్రోలూ కాయిళ్ళ కరెంటూ ఆపేయాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి స్టార్టరు తిప్పాలి. ఒక్కో సిలిండరుకూ గేజు పెట్టి అంకె రాసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న పెట్రోలు ఇంజన్లో సాధారణంగా 150 నుంచి 200 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) వరకు వస్తుంది. మీ మోడల్‌కు ఎంత ఉండాలో సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది. అంకె కన్నా వాటి మధ్య తేడా ముఖ్యం. మిగతా మూడు సిలిండర్లు 175 దగ్గరుండి, మూడోది 110 చూపిస్తే అప్పుడు నమ్మాలి. నమ్మినా ఇంకో మెట్టు ఉంది. ఆ సిలిండర్లో ఒక చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్ళీ కొలిస్తే, అంకె బాగా పెరిగితే రింగులు లేదా బోరు అరిగినట్టు. పెరగకపోతే వాల్వుల దగ్గర లీకు ఉండొచ్చు, దానికి హెడ్డు విప్పితే చాలు, ఇంజను మొత్తం దించక్కర్లేదు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి తక్కువ చూపిస్తే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. ఈ మూడింటి ఖర్చులకూ మధ్య చాలా తేడా ఉంటుంది. బోరుకొచ్చిన ఇంజను నీలం పొగ వదులుతుంది, ఆయిలు తాగుతుంది. మీరు ఉత్తరంలో ఆ రెండూ రాయలేదు. డిప్‌స్టిక్ తీసి రెండు వారాలకోసారి చూస్తే మీకే తెలుస్తుంది.

సీఎన్‌జీ కిట్టు ఉన్న పాఠకులకు ఒక మాట. గ్యాసు మీద రవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, అందుకే పెట్రోలు మీద బాగుండి గ్యాసు మీద మాత్రం మిస్సింగ్ కొట్టే బండికి ముందు ప్లగ్గులు, కాయిళ్ళే చూడాలి. వేడెక్కాక మాత్రమే మిస్సయితే టాపెట్ క్లియరెన్సు (వాల్వుల దగ్గర ఉండే సన్నని సందు) చూపించండి. డీజిలు బండ్లకు రవ్వే ఉండదు కాబట్టి ఈ ఉత్తరంలో కాయిలు సంగతులు వాటికి వర్తించవు.

కాయిలూ ప్లగ్గూ కొనేటప్పుడు కంపెనీ డీలరు దగ్గరో, బిల్లిచ్చే నమ్మకమైన స్పేర్ పార్టుల షాపులోనో తీసుకోండి. నకిలీ ప్లగ్గులు అసలువాటిలాంటి డబ్బాల్లోనే వస్తున్నాయి. ధర మరీ తక్కువ చెబితే అనుమానించాలి. నంబరు మాన్యువల్లో ఉన్నదే ఉండాలి, దగ్గర నంబరు పనిచేస్తుందంటే వద్దనండి. ఇరిడియం ప్లగ్గైతే కొన చాలా సున్నితం, సందు సరిచేయాలని పానాతో తట్టనివ్వకండి. చీపురుపల్లిలో దొరక్కపోతే విజయనగరం, అక్కడా లేకపోతే విశాఖ నుంచి తెప్పిస్తారు, ఒకటి రెండు రోజులు ఆగడం మేలు.

మెకానిక్ దగ్గర మొహమాటపడకండి. ఏ సిలిండరు, ఏ పరీక్షతో తేల్చారు, పాత పార్టు నాకిస్తారా అని మర్యాదగా అడగండి. పని తెలిసినవారికి ఈ ప్రశ్నలు నచ్చుతాయి. మన ఊళ్ళల్లో చెవితో విని జబ్బు చెప్పగల మంచి మెకానిక్కులున్నారు. చోటు మార్చే పరీక్ష చేసిపెట్టండి, కూలి ఇస్తాను అని ముందే చెప్పండి. పార్టు అమ్మితేనే డబ్బు అనే పరిస్థితి ఉంటే ఎవరైనా పార్టు వైపే మొగ్గుతారు. పరీక్షకు కూలి ఇస్తే నిదానంగా చూస్తారు.

బాగయ్యాక కోడ్లు చెరిపించి, పొద్దున్నే చల్లటి ఇంజనుతో ఒకసారి, ఊళ్ళో ఆగుతూ ఒకసారి, రహదారిలో వేగంగా ఒకసారి తిప్పి మళ్ళీ స్కానర్ పెట్టండి. లైటు వెలగకపోయినా పెండింగు కోడ్లు (ఇంకా ఖాయం కానివి) ఉన్నాయేమో చూడాలి. అప్పటికీ ఎంత తొక్కినా వేగం అందుకోకపోతే, ఇంజను గొంతు నొక్కినట్టుంటే కన్వర్టర్ మూసుకుపోయిందేమో పరీక్షించమనండి. చల్లారాక కింద నుంచి అరచేత్తో తట్టితే లోపల పెంకులు గలగలమంటే అది పగిలినట్టే. ఇక చివరిగా, డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. రెండు నెలలుగా మూడో సిలిండర్లో కాలని పెట్రోలు గోడల వెంట జారి కింద ఇంజనాయిల్లో కలుస్తోంది, ఆయిలు పల్చబడి బేరింగులకు రక్షణ తగ్గుతుంది. పెట్రోలు వాసన వచ్చినా, ఆయిలు గీతకు పైన ఉన్నా, మార్చాల్సిన కిలోమీటర్లు రాలేదని చూడకుండా ఆయిలూ ఫిల్టరూ రెండూ మార్పించేయండి, ఇచ్ఛాపురం బయల్దేరే ముందే.